డొంకలు మింగినవాళ్లను వదిలి, మందలకు జరిమానా

తర్లుపాడుకు పడమట నల్లమల, తూర్పున సాగర్ కాలువ కింది మాగాణి. ఈ రెండింటి మధ్య ఏటా జీవాలు నడుస్తాయి. వాటి నడకకు ఎంత దారి మిగిలిందో చెప్పగల అధికారి పశ్చిమ ప్రకాశంలో ఒక్కరైనా ఉన్నారా? రెవెన్యూ వారిని అడిగితే డొంక పోరంబోకు అని పాత రికార్డు తీసి చూపిస్తారు. నేల మీదికి వెళ్లి చూస్తే అక్కడ కందిచేను ఉంటుంది. అటవీశాఖను అడిగితే లోపల కాలు పెట్టడమే నేరమంటుంది. పశుసంవర్ధక శాఖకు గొర్రెల లెక్క తెలుసు, వేసిన టీకాల లెక్క తెలుసు. ఆ గొర్రెలు ఏడాదిలో ఎన్ని నెలలు ఊళ్లో ఉంటాయి, ఎన్ని నెలలు ఉండవు అన్న ప్రశ్న మాత్రం దానికి పట్టదు. ఈ మూడు శాఖల మధ్య నలిగి, దొరికినచోటల్లా దండుగ కట్టుకుంటూ కాపరి మందను తోలుతున్నాడు. అతని మీద కేసులున్నాయి. అతని దారిని మూసినవాళ్ల మీద ఎక్కడా లేవు.

ఆషాఢంలో విత్తనం పడగానే ఊరి పొలాల్లో జీవానికి చోటుండదు. పత్తి, కంది, సజ్జ, మిర్చి వేసిన నేలలో గిట్ట ఆనితే తగువే. అప్పుడు మంద కొండవైపు తిరుగుతుంది. అర్ధవీడు, పెద్దారవీడు, దోర్నాల వైపు గట్లు, అడవి అంచులు, వాగుల ఒడ్లు. కార్తీకం దాకా అక్కడ పచ్చికకూ నీటికీ లోటుండదు. పంట ఇళ్లకు చేరాక కొన్నాళ్లు సొంత ఊరి బీళ్లలో, కంది మోళ్లలో మేస్తాయి. సంక్రాంతి దాటి కుంటలు అడుగంటాక నాలుగైదు కుటుంబాలవాళ్లు మందలు కలుపుకొని, బడికెళ్లే పిల్లల్ని ముసలివాళ్లకు అప్పగించి, తూర్పుకు తోలుకుపోతారు. దర్శి, అద్దంకి దాటి సాగర్ ఆయకట్టు. అక్కడా చాలకపోతే కృష్ణా డెల్టా. వరి కోసిన మళ్లలో, కాలువ గట్ల మీద వేసవి గడిచిపోతుంది. తొలకరి పడితే తిరుగు ప్రయాణం.

దీన్ని కరువు వలస అని రాయడం మా పత్రికలవాళ్లకూ అలవాటైపోయింది. వానలు బాగా పడిన ఏడు కూడా మంద నడుస్తుంది. మెట్ట సీమలో ఒక ఊళ్లో కురిసిన వాన పక్క ఊళ్లో కురవదు. గడ్డి ఎక్కడ మొలిస్తే జీవం అక్కడికి వెళ్లాల్సిందే. ఒకే బీటిలో ఏడాది పొడవునా మేపితే గడ్డి వేళ్లతో సహా పోతుంది, గొర్రె కడుపులో నట్టలు పెరుగుతాయి. చిత్తడి నేలలో నిలబెడితే గిట్టలు చెడతాయి. మన మందల్లో కనిపించే నెల్లూరు జాతి గొర్రె దేశంలోకెల్లా ఎత్తరి జాతుల్లో ఒకటి. పొడుగు కాళ్లు, ఉన్ని లేని ఒళ్లు. ఎండలో దూరాలు నడిచే మందల్లోనే ఆ జాతి తరతరాలుగా నిలదొక్కుకుంది. దాన్ని కొట్టంలో కట్టి దాణా పెట్టి పెంచుకోమని సలహా ఇచ్చే అధికారులు, ఆ దాణా ఖర్చుకు మాంసం ధర సరిపోతుందో లేదో ఒకసారి లెక్క వేసి చూస్తే మంచిది.

ఈ నడక వల్ల లాభపడేది కాపరి ఒక్కడే కాదు. తూర్పున రైతు పిలిచి మరీ మంద కట్టించుకుంటాడు. రాత్రికి ఇంతని డబ్బిస్తాడు, లేదా వడ్లు కొలుస్తాడు. మడిలో మంద ఒక రాత్రి పడుకుంటే పెంట, మూత్రం రెండూ పడినచోటే నేలలో కలుస్తాయి. లారీ బాడుగ లేదు, చల్లే కూలీ లేదు. 2025 ఖరీఫ్‌లో యూరియా బస్తా కోసం రైతులు ఎలా బారులు తీరారో చూశాం. 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి సేద్యాన్ని నడుపుతున్న రాష్ట్రం మనది. దాన్ని చూడటానికి విదేశాల నుంచి జనం వస్తున్నారని చెప్పుకునే ప్రభుత్వాలు, మళ్లలోకి తనంతట తాను నడిచివచ్చే ఎరువును ఏ పథకంలోనూ గుర్తించలేదు. 2019 పశుగణన ప్రకారం రాష్ట్రంలో గొర్రెలు దాదాపు 1.76 కోట్లు. తెలంగాణ తరవాత దేశంలో రెండో స్థానం. ఆ అంకెను అసెంబ్లీలో గొప్పగా చదువుతారు. అది ఏం తిని బతికిందో చదవరు.

ఇక డొంకల సంగతి. డొంక ఒక్కరోజులో పోదు. ముందు పక్క పొలం ఆసామి గట్టు జరిపి రెండు సాళ్లు ఎక్కువ వేస్తాడు. రెండో ఏడు అడ్డంగా కంప పరుస్తాడు. ఆపైన రాతి కడీలు పాతి తీగ లాగుతాడు. బత్తాయి తోట వేసి డ్రిప్పు పైపులు పరిచాక అక్కడ ఒకప్పుడు రెండు బండ్లు తప్పుకునేంత బాట ఉండేదంటే కొత్త తరం నమ్మదు. ఊరి పక్కన రోడ్డు పడితే డొంక ప్లాట్ల మధ్య సిమెంటు వీధిగా మారుతుంది. ఎవరికి వారు కొంచెమే కలుపుకున్నారు. అందరూ కలిసి మొత్తం మింగారు. రెవెన్యూ యంత్రాంగం చూస్తూ ఊరుకుంది. కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే చేసింది. మందబయలు, మేత పోరంబోకు అని రికార్డులో రాసి ఉన్న నేలల్ని ప్రభుత్వమే వేరే అవసరాలకు తీసుకుంది. పేదల ఇళ్ల స్థలాలకు మేత భూములు ఇవ్వడం మీద వ్యాజ్యాలు హైకోర్టు దాకా వెళ్లాయి. పేదలకు ఇళ్లు కావాలి, అందులో రెండో మాట లేదు. అయితే ఆ ఊళ్లో పలుకుబడి ఉన్న ఆసామి ఆక్రమించిన పోరంబోకు ఎకరాలను ముట్టుకోకుండా, అడిగే నోరు లేని జీవాల బీడునే ఎందుకు ఎంచుకున్నారన్నది ప్రశ్న.

2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఊరుమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి గ్రామానికి తిరిగి అప్పగించే పథకం ప్రతి రాష్ట్రమూ తయారు చేయాలంది. ఆ తరవాత ముఖ్యమంత్రులు మారారు, రాష్ట్రమే రెండయింది. పశ్చిమ ప్రకాశంలో ఆ తీర్పు పేరు చెప్పి ఒక డొంక తెరిపించారన్న వార్త కోసం మేమూ ఎదురుచూస్తున్నాం.

డొంక మూసుకుపోతే మంద ఎక్కడికి పోతుంది? తారు రోడ్డెక్కుతుంది. రైలు కట్ట ఎక్కుతుంది. గుంటూరు నుంచి నంద్యాల మీదుగా గుంతకల్లు పోయే లైను తర్లుపాడు స్టేషన్ మీదుగానే వెళ్తుంది. పట్టాల మీద, హైవేల మీద ఒక్క తాకిడికి పదుల కొద్దీ జీవాలు పోయిన వార్తలు రాష్ట్రంలో ఏదో ఒక మూల నుంచి ఏటా వస్తూనే ఉన్నాయి. జిల్లా పేజీలో మూడు లైన్లు. రైలుకు అడ్డం వచ్చినందుకు కాపరిదే తప్పంటారు. కట్టకు అటూ ఇటూ ఉన్న డొంక ఏమైందని విచారణలో ఎవరూ అడగరు. తప్పించుకుని పొలాల వెంట పోతే మరో గండం. మందు కొట్టిన చేను ఏదో, కొట్టనిది ఏదో తెలియదు. వానకు ఎండకు మధ్య ఎదుగుదల ఆగిన జొన్న పిలకలు తింటే నాము తగిలి కళ్లముందే పడిపోతాయి. తెలిసిన బాట మీద నడిచే కాపరికి ఏ మలుపులో ఏముందో తెలుస్తుంది. బాట పోయాక ఆ తెలివిడీ అక్కరకు రాదు.

మేత తగువు ఈ సీమకు కొత్తేమీ కాదు. 13వ శతాబ్దపు సంఘటనల చుట్టూ అల్లుకున్న కాటమరాజు కథ ఆ తగువు మీదే నడుస్తుంది. కనిగిరి సీమకు చెందిన యాదవ నాయకుడు కాటమరాజు, కరువు వచ్చి మందల్ని నెల్లూరు రాజ్యంలోకి తోలుకుపోయాడు. నల్లసిద్ధి రాజుతో ఒప్పందం చేసుకున్నాడు: పచ్చిక మేసినందుకు కోడెదూడలు పుల్లరిగా ఇవ్వాలి. ఆ ఒప్పందం చెడి పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర పోరు జరిగింది. ఖడ్గతిక్కన అక్కడే నేలకొరిగాడని కథ. కొమ్మువాళ్లు తరతరాలుగా పాడిన ఈ గాథలను తంగిరాల వెంకటసుబ్బారావు సేకరించి పరిష్కరించి అచ్చు వేయించారు. మనం దాన్ని వీరగాథగా విని మీసం మెలేసి ఊరుకున్నాం. ఎవరు గెలిచారన్నది పక్కన పెట్టి చూస్తే అందులో ఇంకో సంగతుంది. పొరుగు రాజ్యం మంద మన పచ్చికలోకి వస్తే దానికో ధర కట్టి, గడువు పెట్టి, మాట తీసుకోవాలని ఏడు వందల ఏళ్ల కిందటి పాలకుడికి తోచింది. ఇప్పటి పాలకులకు తోచలేదు.

పుల్లరి మళ్లీ చరిత్రకెక్కింది 1921లో, మార్కాపురానికి పొరుగునున్న పల్నాడులో. అడవిలో పశువులు మేపుకోవడానికి తెల్లదొరలు వేసిన పన్ను కట్టబోమని ఊళ్లకు ఊళ్లు తిరగబడ్డాయి. ఉన్నవ లక్ష్మీనారాయణ జైలుకు వెళ్లారు. మించాలపాడులో కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తూటాలకు ప్రాణం వదిలాడు. ఆయన విగ్రహానికి దండలు వేయని పార్టీ లేదు. దండ వేసిన చేతులే తెచ్చిన చట్టాలేమిటో కూడా చూద్దాం. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 20వ సెక్షన్ రిజర్వు అడవిలో అనుమతి లేకుండా పశువుల్ని మేపడాన్ని నేరం చేసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 33వ సెక్షన్ అభయారణ్యంలో మేతను, మందల రాకపోకలను నియంత్రించే, పూర్తిగా ఆపే అధికారం వార్డెన్ చేతిలో పెట్టింది. హనుమంతు పోరాడింది పుల్లరి వద్దని. నల్లమల అంచున మేపే నేటి కాపరికి పుల్లరి కట్టే అవకాశమొస్తే అదే పదివేలు. కట్టించుకుని, ఈ నాలుగు నెలలు ఈ గట్టు వరకు మేపుకో అని రసీదు చేతికిస్తే చాలు. ఇప్పుడతను కట్టేది జరిమానా, లేదంటే మామూలు. ఆ రెండింటిలో ఏది కట్టినా మర్నాడు అదే గట్టు మీద మళ్లీ దోషే.

అటవీశాఖ వాదనలో పస లేదని మేము అనం. నాగార్జునసాగర్–శ్రీశైలం 1978లో అభయారణ్యమైంది, 1983లో పులుల ప్రాజెక్టు కిందికి వచ్చింది. ఆంధ్ర వైపు మిగిలిన భాగమే మూడు వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. మార్కాపురం, గిద్దలూరు డివిజన్లలో పులి తిరుగుతోందంటే అది చిన్న విజయం కాదు. మంద వెంట వచ్చే పారుడు రోగం దుప్పికి అంటుతుంది. దోటితో కొమ్మలు విరిచి పడేయడం, వేసవిలో నిప్పు ఆర్పకుండా వదలడం కాపరులు మానుకోవాల్సిన పనులు. కోర్ ప్రాంతంలోకి జీవాలు రావద్దంటే కాపరులు కూడా ఒప్పుకుంటారు. పులి నోటికి మందను అప్పగించాలని ఎవరికుంటుంది? కానీ చట్టం కోర్ దగ్గర ఆగలేదు. అదే వన్యప్రాణి చట్టంలోని 38వి సెక్షన్ బఫర్ ప్రాంతం ఎందుకో కూడా చెప్పింది. స్థానికుల జీవనోపాధిని, సామాజిక సాంస్కృతిక హక్కులను గుర్తిస్తూ మనుషులూ వన్యప్రాణులూ కలిసి బతకాల్సిన చోటు అది. అడవి దారిలో పులి బొమ్మతో పెట్టే హెచ్చరిక బోర్డుల మీద ఈ సంగతి రాయరు.

2006 అటవీ హక్కుల చట్టం ఇంకా స్పష్టంగా మాట్లాడింది. 3వ సెక్షన్‌లో సామూహిక హక్కుల జాబితాలో మేత ఉంది. ఒకేచోట ఉండి మేపేవారికీ, కాలాన్ని బట్టి తిరిగి మేపేవారికీ ఆ హక్కు ఉంది. సంచార పశుపాలకులకు ఆయా రుతువుల్లో అడవి వనరులు అందాలని విడిగా రాశారు. నిబంధనల్లో ఇంకో మంచి మాట ఉంది. పశుపాలకుల దరఖాస్తుల్ని వాళ్లు, లేదా వాళ్ల ప్రతినిధులు హాజరుగా ఉన్న సమయంలోనే విచారించాలి. మంద డెల్టాలో ఉన్న మాఘమాసంలో గ్రామసభ పెట్టి, ఎవరూ రాలేదని రాసుకుని వెళ్లిపోతారేమోనని చట్టం రాసినవాళ్లు ముందే ఊహించారన్నమాట. జిల్లా స్థాయి కమిటీ పశుపాలకుల హక్కులన్నీ పరిశీలనకు వచ్చాయో లేదో చూడాలని కూడా ఉంది. ఈ కమిటీకి అధ్యక్షుడు కలెక్టరు. అటవీ హక్కులంటే గిరిజనుల పోడు పట్టాలని మాత్రమే అధికారులకు బోధపడింది. ఆ పట్టాల సంగతైనా సరిగ్గా సాగిందని కాదు. మేత హక్కు ఊసు మాత్రం ఇంకా మొదటి మెట్టు ఎక్కలేదు.

గొల్లలు, కురుమలు షెడ్యూల్డు తెగలు కారు. చట్టం ప్రకారం వాళ్లు ఇతర సంప్రదాయ అటవీ వాసులు. 2005 డిసెంబర్ 13 నాటికి మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవి మీద ఆధారపడి ఉన్నట్టు చూపాలి. ఏడు వందల ఏళ్ల మేత తగువును జాతరల్లో పాడించుకునే కులాన్ని 75 ఏళ్ల కాగితం తెమ్మంటున్నాం! కాగితం లేకపోయినా పెద్దల వాంగ్మూలాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చని అవే నిబంధనలు చెబుతున్నాయి. ఆ సంగతి కాపరికి చెప్పే బాధ్యత ఎవరిది?

మారా నదిలోకి దూకే వేల జంతువుల దృశ్యాన్ని టీవీలో చూసి మనం నోళ్లు తెరుస్తాం. టాంజానియాలోని సెరెంగెటి నుంచి కెన్యాలోని మారా దాకా వానల వెంట, పచ్చిక వెంట ఏడాది పొడవునా గుండ్రంగా తిరిగే వైల్డ్‌బీస్ట్ మందలు అవి. 13 లక్షలని ఎన్నో ఏళ్లుగా చెప్పుకుంటూ వచ్చిన లెక్కను, 2025లో ఉపగ్రహ చిత్రాలతో చేసిన గణన 6 లక్షల లోపుకు దించింది. సెరెంగెటి 1981 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. దాని మధ్యగా తారు రోడ్డు వేస్తామని టాంజానియా ప్రభుత్వం అంటే తూర్పు ఆఫ్రికా న్యాయస్థానం 2014లో కుదరదంది. మందల నడకకు అడ్డం రాకూడదన్నది అందులో కారణం. అడవి జంతువుకు దక్కిన ఈ గౌరవం పక్కనే పశువులు కాచే మాసాయిలకు దక్కలేదని కూడా గుర్తుంచుకోవాలి. వాళ్లను 1959లో సెరెంగెటి నుంచి పంపించేశారు. 2022 జూన్‌లో లోలియోండోలో మరో 1,500 చదరపు కిలోమీటర్ల మేత భూమికి హద్దురాళ్లు పాతుతుంటే అడ్డుపడ్డవాళ్ల మీద తూటాలు పేలాయి. మనవాళ్లు నేర్చుకున్నది రెండో పాఠమే.

బోట్స్వానా కథ మరీ దగ్గరగా తగులుతుంది. యూరప్‌కు గొడ్డుమాంసం ఎగుమతి చేయాలంటే గాలికుంటు రోగం రాకూడదని, 1950ల నుంచి ఆ దేశం వందల కిలోమీటర్ల పొడవున కంచెలు వేసింది. కలహరిలో నీటి కోసం ఉత్తరానికి బయలుదేరిన వైల్డ్‌బీస్ట్‌లు ఆ తీగల దగ్గర ఆగిపోయాయి. కరువు ఏళ్లలో వేల సంఖ్యలో చచ్చాయి. ఇంకోచోట, ఒకవాంగో నుంచి మక్గాడిక్‌గాడి ఉప్పు మైదానాలకు జీబ్రాలు వెళ్లే దారిని 1968లో కంచె మూసింది. 2004లో ఆ కంచె తీసేశారు. కొన్నేళ్లు తిరక్కముందే జీబ్రాలు పాత దారిన మళ్లీ నడిచాయి. ఆ దారి చూసిన జీబ్రా ఒక్కటీ అప్పటికి బతికి లేదు. మన కాపరుల్లో మాత్రం దారి తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. తెరవడమే తరువాయి.

ఇదంతా మందల మీద జాలితో చేయాల్సిన పని అనుకుంటే పొరపాటు. స్పెయిన్ 1995లో మందల దారుల కోసమే ప్రత్యేక చట్టం చేసింది. లక్షా పాతిక వేల కిలోమీటర్ల బాటల్ని ప్రజల ఆస్తిగా, ఎవరూ కొనడానికి అమ్మడానికి వీల్లేనివిగా ప్రకటించింది. ఆ హక్కును చాటడానికి ఏటా ఒక రోజు మాడ్రిడ్ నగరం నడిబొడ్డున గొర్రెల్ని తోలుకెళ్తారు, నగరపాలక సంస్థకు పాత నాణేలు చెల్లించి మరీ. పశ్చిమ ఆఫ్రికా దేశాలు 1998లోనే ఒక దేశం మంద మరో దేశంలోకి వెళ్లేందుకు ధ్రువపత్రం ప్రవేశపెట్టాయి. మందలో ఎన్నున్నాయి, ఏ టీకాలు పడ్డాయి, ఏ దారిన వెళ్తుంది అన్నీ అందులో రాస్తారు. అక్కడా గొడవలు జరుగుతున్నాయి, చంపుకుంటున్నారు కూడా. అయినా పత్రం అంటూ ఒకటుంది. మన దగ్గర తర్లుపాడు మంద బాపట్ల వెళ్లడానికి ఏ పత్రమూ లేదు. మంద ఒకే రాష్ట్రంలో ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు పోతున్నా సరే.

పత్రం లేకపోతే ఏమవుతుందో పశువైద్యం దగ్గర తెలుస్తుంది. నీలి నాలుక వానల్లో దోమలాంటి చిన్న ఈగల వల్ల వచ్చే జబ్బు. మూతి వాచి, మేత ముట్టక, కుంటుతూ చచ్చిపోతాయి. దానికి టీకా ఉంది. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారు చేసిందే. వానలు ముదరకముందే వేయాలి. అప్పటికి మంద తిరుగు దారిలో ఎక్కడో ఉంటుంది. ఊళ్లో శిబిరం పెట్టిన రోజు గొర్రె లేదు. గొర్రె వచ్చిన రోజు శిబిరం లేదు. చిటుకు రోగమైనా, పారుడు రోగమైనా ఇదే వరస. 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వచ్చే సదుపాయం 2022 నుంచి ఉంది, మెచ్చుకోవాల్సిందే. డెల్టాలో ఏదో కాలువ గట్టున మంద ఆపుకుని, ఊరి పేరు కూడా సరిగ్గా తెలియని కాపరి ఎక్కడికి రమ్మని చెప్పాలి? బీమా ఇంకో చిక్కు. చెవికి ట్యాగు ఉండాలి, చచ్చాక డాక్టరు కోసి చూసి రాయాలి. పొరుగు జిల్లా డాక్టరు ఇది మా పరిధి కాదంటాడు. సొంత మండలం డాక్టరు రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. ఈలోగా కుక్కలు పీక్కుతింటాయి.

పథకాలకు కొదవ లేదు. 2017లో తెలంగాణ 75 శాతం రాయితీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచడం మొదలుపెట్టింది. వాటిని మన జిల్లాల నుంచి కూడా లారీల్లో ఎక్కించుకుపోయారు. అమ్మినవాళ్లకు డబ్బు అందలేదన్న ఫిర్యాదుతో మొదలైన కేసు 2024లో ఏసీబీ అరెస్టుల దాకా వెళ్లింది. గొర్రెల్ని పంచిన ప్రభుత్వానికి గడ్డి ఎక్కడుందో చూడాలనిపించలేదు. గొర్రెల మేకల పెంపకందారుల సంఘాలు మేత భూముల కోసం 559, 1016 జీవోలను అమలు చేయమని అడిగి అడిగి అలసిపోయాయి.

మన వైపు జరుగుతున్నది ఇంకా విచిత్రం. 2025 ఏప్రిల్ 2న కనిగిరి నియోజకవర్గం పీసీ పల్లి మండలం దివాకరపల్లిలో రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంటుకు మంత్రి నారా లోకేశ్ శంకుస్థాపన చేశారు. రాష్ట్రమంతా ఇలాంటివి 500 పెడతామన్నారు. బంజరు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి, దాని నుంచి గ్యాస్ తీస్తారు. వెనుకబడిన సీమకు పరిశ్రమ వస్తుంటే ఎవరూ వద్దనరు. కానీ బంజరు అంటే ఎవరికి బంజరు? నాగలి దిగని నేల రెవెన్యూ కళ్లకు ఖాళీగా కనబడుతుంది. జీవాలు వానాకాలమంతా మేసేది అక్కడే. ఆ నేలలో గడ్డి పెరుగుతుందని ఎట్టకేలకు ప్రభుత్వం ఒప్పుకుంది, సంతోషం. అందులో జీవాలకు వాటా ఎంతో ఒప్పందాల్లో ఎక్కడైనా రాశారా? వెలిగొండ నీళ్లు రేపు పొలాలకు పారితే మిగిలిన బీళ్లు కూడా సాగులోకి వస్తాయి. రావాలి కూడా, ఆ నీళ్ల కోసం మూడు దశాబ్దాలుగా ఈ సీమ కాచుకుని ఉంది. ఆయకట్టు కాలువలకు గుర్తులు పెట్టేటప్పుడే మందలు దాటే వంతెనలకు, గట్టు వెంట బాటకు చోటు వదలాలన్న ఆలోచన ఇంజినీర్లకు ఎవరు చెబుతారు? ఇప్పుడు వదలకపోతే రేపు ఎకరానికి లక్షలు పోసినా దొరకదు.

ఐక్యరాజ్యసమితి 2026ను మేత భూముల, పశుపాలకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. 2024 అక్టోబరులో మొదలైన 21వ పశుగణనలో సంచార పశుపాలకుల జీవాలను మొదటిసారి విడిగా లెక్కించాలని కేంద్రం చెప్పింది. సదస్సులకు, బ్యానర్లకు ఇంతకన్నా మంచి అదను దొరకదు. వాటికన్నా ముందు కలెక్టరు, మార్కాపురం రెవెన్యూ అధికారులు, ఇద్దరు డివిజనల్ అటవీ అధికారులు ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. బఫర్‌లో ఏ గట్టు, ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఎన్ని జీవాలకు అన్నది కాపరుల సమక్షంలో తేల్చి, రుసుం కట్టించుకుని రసీదివ్వాలి. మంద ఎక్కడుంటే అక్కడి డాక్టరు రాసిన కాగితం రాష్ట్రమంతా చెల్లాలి. కార్తీకం దాటి కొండ దిగిన మంద తూర్పుకు బయలుదేరేలోగా ఊళ్లలో అటవీ హక్కుల గ్రామసభలు జరగాలి.

వీటిలో కొన్నింటికి అమరావతి అనుమతి కావాలని అధికారులు అనవచ్చు. ఒక పనికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2020 డిసెంబర్ నుంచి ఈ రాష్ట్రం డ్రోన్లు ఎగరేసి, కోట్లు ఖర్చుపెట్టి భూములు మళ్లీ కొలుస్తోంది. తర్లుపాడు మండలంలో నాగెళ్లముడుపు నుంచి సీతానాగులవరం దాకా ఏ ఊరైనా ఎంచుకోండి. డొంకలు, మందబయలు గీసి ఉన్న పాత గ్రామపటాన్ని, డ్రోన్ తీసిన కొత్త చిత్రాన్ని పక్కపక్కన పెట్టి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. ఏ సర్వే నంబరు దగ్గర బాట ఆగిపోయిందో, ఆ నంబరు ఎవరి పేరున ఉందో కింద రాయండి. మందలు కొండ దిగే కార్తీకానికి ముందే ఆ పని అయిపోవాలి.